ఆగుడు నేర్చిన బండి

సెల్లుల చూపిచ్చిండ్రు పోరలు,
"ఓదెలు తాతా, గిసొంటి గో-కార్టు చేసియ్యవా" అని.
నా కండ్లకైతే అది బేరింగు బండే.
పేరు మారితే పల్లం మారుతదా?

ముప్పై ఒక్క ఏండ్లు బొగ్గుబాయిల టింబర్ పని నాది.
నెత్తి మీద గోదావరిఖని మొత్తం,
దాని కింద నేను నిలబెట్టిన దిమ్మె.
సలాకతోని కప్పును కొట్టి ఇనేటోన్ని.
గట్టిదైతే గంట లెక్క పలుకుతది,
వదులైతే నానిన డప్పు లెక్క.
బూట్లు, దీపం, పాసు అన్నీ అప్పజెప్పిన
దిగిపోయిన రోజు.
చెవి మాత్రం ఎవ్వలు అడుగలే.

అందుకే రంపం కంటె ముందుగాల
పలకలను కొట్టించిన.
ఇరిగిన మంచం పట్టె, బడి బెంచీ తుంట,
ఆపిల్ పండ్ల డబ్బా చెక్కలు.
అఫ్రీన్ చెంప ఆనిచ్చి ఇన్నది.
"తాతా, ఇది లోపల పుచ్చింది."
ఇరిచి చూస్తె చెదలు.
బాయిల గీ మాట నేర్వనీకి నాకు ఆర్నెల్లు పట్టింది.

మొలలు పీకినం. పొక్కలు పదిహేడు,
డబ్బాల మొలలు పదహారు.
పదిహేడోది దొరికేదాక
ఒక్కని కాలి చెప్పు ఇప్పనియ్యలే.
చివరికి అది నా లుంగీ అంచులనే ఉన్నది.
ఎంత నవ్విండ్రో!

గరుకు కాయితం రుద్దుకుంట నిక్షిత్ అడిగిండు,
"నీ ఏలు బాయిల పోయిందా తాతా?"
లేదు బిడ్డా, బాయిల గోరు సుత ఊడలే.
చెల్లె పెండ్లికి పందిరి గుంజ కోస్తున్న.
బ్యాండోళ్లు వచ్చిండ్రని తల తిప్పిన.
"గంతేనా?"
గంతే.
ఆనాటి సంది రంపం కదిలినంతసేపు
పిల్లల నోర్లు కదల్లే.
చెక్కను శికంజల బిగిచ్చి డ్రిల్లు నేనే పట్టిన.
"మరి నీ అద్దాలేవి?" అన్నది అఫ్రీన్,
నడుము మీద చేతులు పెట్టుకొని,
మా ఓవర్‌మెన్ లెక్క.
లేచి పొయ్యి తెచ్చుకున్న.

తుక్కు దుకాణంల కిలో లెక్కన కొన్నవి
నాలుగు బేరింగులు.
ముందు పట్టెకు నడుమ ఒక్కటే బోల్టు,
బండి బుద్ధంత దాని మీదనే మర్లుతది.
ఒక నట్టుకు ఇంకో నట్టు కాపలా.
ఎక్కువ మర్లకుండ అటొకటి ఇటొకటి అడ్డం చెక్క.
కూసుంటే పిర్రకు నేల జానెడే,
పడ్డా దూరం పడొద్దు.
బ్రేకుకు పాత బెల్టు రబ్బరు పెట్టి
ఆ ఒక్కదానికే రెండు పూటలు పెట్టిన.
"ఉరికేదానికంటె ఆగేదానికే ఎక్కువ పనాయె" అని
పోరలు గునిసిండ్రు.

నా బాయి టోపీ అఫ్రీన్‌కు పెట్టి చూసిన.
ముక్కు దాక జారింది.
మనసుకు జరంత అయింది గని
మళ్ల మొలకే తగిలేసి
నిక్షిత్ అన్న సైకిలు హెల్మెట్ అడుక్కొచ్చిన.

ఎయిట్ ఇంక్లైన్ రోడ్డు మీద వద్దు,
టిప్పరుకు పిల్లలు కనవడరు.
క్లబ్బు ఎనుక పల్లం ఉన్నది,
చివరికి ఇసుక, ఆవల గోడ లేదు.
అక్కడ సుత మొదలు సగం ఎత్తు నుంచే, ఎవ్వలు నూకొద్దు.
సైకిలు గంట నా చేతుల పెట్టుకున్న.
ఒక్క గంటకు ఆగు,
రెండిటికి దింపు,
మూడిటికి గుంజు.
బాయిల తొట్లకు కొట్టిన లెక్కే.

రెండు కొట్టిన.
గరగరగర...
తొట్లు దిగిన సప్పుడే. నా అరికాళ్లు గుర్తువట్టినయ్.
తాడు గట్టిగ పట్టింది పిల్ల.
కుక్కపిల్ల ఒకటి ఎటునుంచి వచ్చిందో అడ్డం వచ్చె.
నా ఏలు గంట మీదికి పొయ్యేలోపట్నే
కట్టె గుంజింది.
రబ్బరు కీసుమన్నది.
బండి ఆగింది.

కుక్కపిల్ల వాసన చూసి పోయింది.
ఎవ్వలు సప్పుడు చెయ్యలే జరసేపు.
"ఆగిందిరోయ్!" అని నిక్షిత్ ఎగిరిండు,
అందరు ఎగిరిండ్రు,
ఆగినందుకు గంత సంబురం
నేనెన్నడు చూడలే.

అఫ్రీన్ దిగింది.
ఎవ్వలు చెప్పకముందే
పలక మీద ఏళ్లతోని కొట్టి చెవి ఆనిచ్చింది.
"ఇంక గంట లెక్కనే ఉన్నది తాతా."

మూడు కొట్టిన.
పోరలందరు తాడు వట్టిండ్రు.